జబ్బ మీద పొక్కు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో, జగ్గయ్యపేటలో మా పెద్దపిల్లకు అమ్మవారు పోసింది. చంటివాడికి అప్పటికి ఏడాది నిండలేదు. మేం ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవాళ్ళమే. అయినా మా అత్తగారు గుమ్మానికి వేపమండలు కట్టారు, ఇంట్లో పోపు మాన్పించారు. మశూచి అనే మాట పైకి అననివ్వలేదు.

నందిగామ నుంచి టీకాలవాళ్ళు వచ్చి బడి వరండాలో కూర్చున్నారని తెలిసింది. చంటివాడికి వేయించుకొస్తానన్నాను.

“అమ్మ ఇంట్లో ఉండగా బిడ్డ ఒంట్లో ఇనుం గుచ్చిస్తావుటే?”

“మనం మొక్కేది యేసుప్రభువుకి కదా అత్తా?”

“ఆయనకి ఆదివారం చెప్పుకుందాంలే. ఈమె మంచం మీదే ఉందిగా!”

అత్తగారు వేపాకు కోసం వెళ్ళగానే పిల్లాణ్ణి చంకనేసుకుని బడికి నడిచాను. టీకా ఆయన వాడి జబ్బ మీద చిన్న ఇనప చక్రం ఆనించి తిప్పాడు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు.

“పొక్కొస్తదమ్మా, గోకనీకండి. రాకపోతేనే మళ్ళీ తీసుకురండి.”

దారి పొడుగునా “తల్లీ, తప్పు నాది, వీడిది కాదు” అనుకుంటూ వచ్చాను. ఆ మాటలు నాకు ఏ పాస్టరుగారూ నేర్పలేదు, మా అమ్మా నేర్పలేదు. ఎక్కణ్ణుంచి వచ్చాయో!

కొన్నాళ్ళకు వాడికి ఒళ్ళు కాలింది. జబ్బ మీద పొక్కు లేచింది, అచ్చం వాడి అక్క ఒంటి మీద ఉన్నవాటిలాంటిదే. అత్తగారు ఇంకో వేపమండ తెచ్చి ఉయ్యాలకు కట్టారు.

“చెబితే విన్నావా? నువ్వే పిలుచుకొచ్చావు.”

టీకా ఆయన మాట మరిచిపోలేదు. కానీ వాడు అక్కతో ఒకే పక్కలో పడుకున్న పిల్లాడు. ముందు అందింది టీకానా, అమ్మవారా? తెల్లారగానే చొక్కా విప్పి కడుపు, వీపు, అరికాళ్ళు వెతికేదాన్ని. రెండో పొక్కు కనబడితే వాడు దక్కడనే అనుకున్నాను. వెతుకుతున్నంతసేపూ ప్రభువునూ పిలిచాను, ఆమెనూ పిలిచాను.

రెండోది లేవలేదు. పక్కు కట్టి ఊడిపోయింది. పెద్దపిల్లా ముఖం నిండా మచ్చలతో బతికి బయటపడింది.

ముసలితనంలో అక్షరాలు నేర్చుకుని, మనవరాలి సైన్సు పుస్తకం కూడబలుక్కుని చదివాను. అలా పొక్కు లేస్తే టీకా పట్టినట్టేనట. నమ్మాను. నా నోట ఆ మాటలు ఎందుకొచ్చాయో మాత్రం అందులో లేదు.

ఆనాడు, పెద్దపిల్లకు తగ్గాక అమ్మవారిని సాగనంపే రోజు, అత్తగారు పెరుగన్నం కలిపి ఊరి బయటికి బయల్దేరారు. నేనూ లేచాను.

“నువ్వెందుకే? నీకు టీకా ఉందిగా!”

పెరుగన్నం గిన్నె అత్తగారి చేతిలోంచి అందుకుని నేనే ముందు నడిచాను.