ఎండబెట్టడం వేరు, ఆరబెట్టడం వేరు

రెండు పనుల్లో అమ్మమ్మకు సాటి లేరు. ఒకటి బట్టలు ఆరేయడం, రెండోది వియ్యంకుడి నోరు మూయించడం. మొదటిది ఆస్పత్రి దుప్పట్లు ఉతికే గదిలో ముప్పై ఏళ్లు పనిచేసి నేర్చుకుంది. రెండోది పుట్టుకతోనే వచ్చినట్టుంది.

ఆ గది ఆస్పత్రి వెనకాల ఉండేది. మూడు మిషన్లు, ఒక సిమెంటు తొట్టి, బయట పన్నెండు తీగలు. దుప్పటి ఆరిందో లేదో మిగతావాళ్లు చూసి చెప్పేవారు. అమ్మమ్మ మాత్రం మడిచి కుట్టిన అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చెప్పేది. పైన ఆరినంత మాత్రాన లోపల ఆరినట్టు కాదని ఆమె సిద్ధాంతం. అందుకే అందరూ ఆమెను దుప్పట్లమ్మ అనేవారు. ఆ పేరుకు ఆమె కోప్పడేది, కానీ పిలిస్తే పలికేది.

ఉద్యోగం అయిపోయాక ఆమెకు మిగిలింది రెండెకరాల పొలం. అది కాలువకు ఆఖర్న ఉంది. ఏటి ఆనకట్ట దగ్గర బయల్దేరిన కాలువ మైలున్నర నడిచి ఆమె గట్టు దాకా వచ్చేసరికి ఒట్టి గాడి మిగిలేది. వరసగా రెండేళ్లు నాటు పడలేదు. ఇటుకల బట్టీ ఆసామి రెండుసార్లు వచ్చి, మట్టి పిసికి చూసి, చాలా బాగుందని మెచ్చుకుని వెళ్లాడు. ఆ పొలం మీద ఇక నీళ్లొదులుకోమని కూతురు చెప్పింది.

"వదులుకోవడానికైనా నీళ్లుండాలి కదే" అంది అమ్మమ్మ.

నీళ్లు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. కాలువ మొదట్లో ఉన్న పొలాల్లో ఉన్నాయి. వాటిలో ఆరెకరాలు ఆమె వియ్యంకుడివి, అంటే అల్లుడి తండ్రివి. కాలువ సంఘానికి పెద్ద కూడా ఆయనే. మనిషి మంచివారే. కాకపోతే వరి మడి అంటే ఆయనకు అద్దంతో సమానం. పొద్దున్నే గట్టు మీద నిలబడి అందులో ముఖం చూసుకోవాలి. చీలమండ దాకా నీళ్లు లేకపోతే ఆయనకు కాఫీ దిగదు. అందుకని అక్కడి తూము ఎప్పుడూ తెరిచే ఉండేది. పొంగి పొర్లిన నీళ్లు పక్క గుంటల్లో చేరి దోమలకు ఉయ్యాలలూపేవి. ఆనకట్ట దిగువన ఏటిని మాత్రం కాకులు నడుచుకుంటూ దాటేవి.

ఆ ఏడు నాట్ల ముందు వ్యవసాయాఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చి, సంఘం గదిలో నలభై మందిని కూర్చోబెట్టి నీటి పొదుపు గురించి చెప్పింది. వరికి ఎప్పుడూ నీళ్లు నిలబెట్టక్కర్లేదట, మధ్యమధ్యలో పొలాన్ని ఎండబెట్టాలట. ఆ ఒక్క మాటతో గదిలో సగం మంది లేచి నిలబడ్డారు. పైరు ఎండబెట్టడానికి ఆఫీసరెందుకు, మా ఊరికి ఎండ చాలదా అన్నారు వియ్యంకుడు. పాపం ఆ అమ్మాయి నీళ్లు నమిలింది.

వెనక బెంచీలో ఉన్న అమ్మమ్మ లేచింది.

"మాటలో తప్పుందమ్మాయ్. ఎండబెట్టడం కాదు, ఆరబెట్టడం. ఎండబెట్టేది కట్టెల్ని. తలస్నానం చేశాక జుట్టు ఆరబెట్టుకుంటాం. అంతమాత్రాన జుట్టు ఊడిపోతుందా అన్నయ్యగారూ?"

నలభై జతల కళ్లు ఆయన తల వైపు తిరిగాయి. అక్కడ ఆరబెట్టడానికి పదిహేనేళ్లుగా ఏమీ లేదు.

నవ్వు సద్దుమణిగాక అమ్మమ్మ అసలు సంగతి చెప్పింది. ఆయన పొలంలో పక్కపక్కన సమానంగా ఉన్న రెండు మడుల్లో ఒకటి ఆమెకు వదలాలి. రెండోది ఆయన ఇష్టం. పంట తగ్గితే ఆమె రెండెకరాలూ ఆయన పేరనే రాసిస్తుంది, ఇటుకలే చేసుకుంటారో ఏమో. తగ్గకపోతే తూము వంతుల ప్రకారం మూయాలి, నాలుగు రోజులు పైవాళ్లకు, నాలుగు రోజులు కిందివాళ్లకు. బట్టతల మీద అంత నవ్వు పడ్డాక ఆయన కాదనలేకపోయారు. ఇంటికొచ్చాక కూతురు మూడు రోజులు తల్లితో మాట్లాడలేదు.

అమ్మమ్మ ఆస్పత్రిలో పారేసిన మురుగు గొట్టం నుంచి అడుగు పొడవు ముక్క కోయించి, కాల్చిన చువ్వతో దానికి చిల్లులు పొడిచింది. మడిలో సగానికి పైగా పాతి, లోపలి మట్టి తోడేసింది. పైన నీళ్లు లేకపోయినా మట్టిలో ఉన్న నీళ్లు ఆ గొట్టంలోకి ఊరి కనిపిస్తాయి. అవి రెండు బెత్తెల లోతుకు దిగితేనే మడి తడపాలన్నది ఆఫీసరమ్మాయి చెప్పిన లెక్క.

నెల తిరిగేసరికి మడిలో వెంట్రుకంత పగుళ్లు కనిపించాయి. వియ్యంకుడు ఆగలేకపోయారు. పార పట్టుకుని గండి కొట్టడానికి వచ్చేశారు. పందెం గెలవాలంటే ఎండనివ్వాలి కదా అన్న ఆలోచనే ఆయనకు రాలేదు. పైరు అంటే అంత ప్రాణం.

గొట్టంలో చెయ్యి పెట్టి చూడమంది అమ్మమ్మ. ఆయన మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి దూర్చారు. వేళ్లకు నీళ్లు తగిలాయి. నమ్మకం కుదరక అడుగున మట్టి కూడా పట్టుకున్నారు. ఇక చెయ్యి బయటికి రాలేదు. ఇద్దరు కూలీలు నడుం పట్టి లాగారు. అమ్మమ్మ ఆయనకు ఎండ తగలకుండా గొడుగు పట్టింది.

"నీళ్లు తగిలాయా అన్నయ్యగారూ?"

"తగిలాయి."

"మట్టి తడిగా ఉందా?"

"ఉంది చెల్లెమ్మా, ముందు నా చెయ్యి సంగతి చూడు."

"పిడికిలి వదలండి."

వదిలారు. వచ్చేసింది. ఆయన బురద వేళ్లను నలుపుకుంటూ చాలాసేపు గట్టు మీద కూర్చున్నారు. పార తీసుకుని వెళ్లిపోయారు కానీ గండి కొట్టలేదు.

పైరు వెన్ను తీసి కంకి వేసే రోజుల్లో అమ్మమ్మే మడి నిండా నీళ్లు నిలబెట్టింది. ఏం చెల్లెమ్మా, మళ్లీ తల తడిపావేం అన్నారాయన. ఎప్పుడు తడపాలో తెలియనివాళ్లకు ఆరబెట్టే పని ఇవ్వరని చెప్పింది. కోతకు వారం ముందు పెద్ద గాలి వీచింది. ఆయన మడిలో ఓ మూల పైరంతా పడుకుంది. అమ్మమ్మ మడి ఊగింది, నిలబడింది.

కళ్లంలో తూకం ఆయనే వేయించారు. ఆయన మడిలో పద్నాలుగు బస్తాలు. అమ్మమ్మ మడిలో పద్నాలుగున్నర. మళ్లీ తూచారు, మళ్లీ అంతే. ఆ అరబస్తా కథ మనవలందరికీ ఇప్పుడు కంఠతా వచ్చు, చెప్పిన ప్రతిసారీ అది కొంచెం బరువెక్కుతోంది.

ఆయన మాట తప్పలేదు. ఏళ్ల తరబడి తెరిచే ఉన్న తూము చక్రం తుప్పుపట్టి కదలనంటే, తానే నూనె పోసి, తానే తిప్పి మూశారు. తర్వాతి పంటకు మొదటి వంతు నీళ్లు కిందికి వదిలిన పొద్దున, చెప్పులు చేత్తో పట్టుకుని నీటి కొసతో పాటే మైలున్నర నడిచి వచ్చారు. గడ్డిపరకల్ని నెట్టుకుంటూ, నురగ కక్కుతూ నీళ్లు అమ్మమ్మ మడిలోకి దిగాయి. దుమ్ము వాసన గుప్పుమంది.

"చెల్లెమ్మా, నీళ్లు" అన్నారు, తానే కనిపెట్టినట్టు.

అమ్మమ్మ నీళ్లనే చూస్తూ నిలబడింది. మడి నిండాక వంగి, మట్టిని రెండు వేళ్ల మధ్య నలిపింది.

"చాలు అన్నయ్యగారూ, ఇక కిందికి వదలండి."

కింద మరి పొలాల్లేవు, ఏరే ఉంది. మిగిలిన నీళ్లు అందులోకి దిగాయి. ఇప్పుడు కాకులు దాన్ని ఎగిరే దాటాలి.