బొమ్మలోదా అండీ, చేలోదా అండీ?

మాది దూదేకే ఇల్లు. గుంటూరులో మా వీధి మొదట్లో నిలబడితే చాలు, నాన్న విల్లు టంయ్ టంయ్‌మని వినిపించేది. ఆయన పరుపులూ బొంతలూ కుట్టేవాడు. నా జడలో దూది, అన్నంలో దూది, చదివే పుస్తకాల్లో దూది. పత్తి గురించి నాకు ఒకరు చెప్పేదేమిటి అనుకునేదాన్ని. ఎంత పొగరో చూడండి!

ఆ పొగరుతోనే, పందొమ్మిదివందల యాభైల చివర్లో, టీచర్ ట్రైనింగ్ ఆఖరి పరీక్ష పాఠానికి పత్తి మొక్కను ఎంచుకున్నాను. నాలుగో తరగతి పిల్లలకు చెప్పాలి. అది పాసైతేనే సర్టిఫికెట్టు. పోతే ఇంకో ఏడాది. దూది దుమ్ము మింగీ మింగీ నాన్నకు అప్పటికే దగ్గు పట్టుకుంది. నన్ను ఇంకో ఏడాది చదివించే ఓపిక ఆయనకు లేదు. ఆ మాట ఆయన అనలేదు, నేనూ అనలేదు.

మూడు రోజులు కూర్చుని అట్ట మీద మొక్క బొమ్మ వేశాను. ఆకులు పచ్చగా, కాయలు పచ్చగా, పూలు మల్లెపూలంత తెల్లగా. పాఠం నోట్సులో ఎడమవైపు నేనడిగే ప్రశ్న, కుడివైపు పిల్లలు చెప్పాల్సిన జవాబు రాయాలి. అదీ పద్ధతి. "పత్తి పూవు ఏ రంగు?" "తెలుపు." ఇలా రెండు పేజీలు రాసుకుని, ఇల్లలకగానే పండగైపోయిందని సంబరపడ్డాను.

బడి నల్లపాడు దాటాక ఒక చిన్న పల్లెలో ఉంది. గోడ పక్కనుంచే పత్తి చేను మొదలవుతుంది. మార్కులు వేసే ట్రైనింగ్ స్కూలు మాస్టారు వెనక బల్ల మీద కూర్చున్నారు. ఆయన కలం మూత తీస్తేనే మాకు నోట్లో తడి ఆరిపోయేది.

బొమ్మ తగిలించి, బెత్తంతో చూపించి అడిగాను. "పత్తి పూవు ఏ రంగు?"

"తెలుపండీ!" తరగతి అంతా ఒక్క గొంతుతో అరిచింది. నా ప్రాణం కుదుటపడింది.

ముందు వరసలో ఒక పిల్ల మాత్రం నోరు విప్పలేదు. మాస్టారు అదీ రాసుకుంటారేమోనని నా భయం.

"ఏమ్మా, నువ్వు చెప్పవేం?"

ఆ పిల్ల లేచి బొమ్మకేసి చూసింది, కిటికీకేసి చూసింది. "బొమ్మలోదా అండీ, చేలోదా అండీ?"

నేను బెత్తం దించాను. "రెండూ ఒకటేగా?"

"కాదండీ. చేలోది పసుపుపచ్చండీ."

వెనకనుంచి ఒకడు అందుకున్నాడు. "ఒసేయ్, నిన్నటి పూవు ఎర్రగా ఉంటదిగా!"

"మరి అందరూ తెలుపని చెప్పారేమర్రా?"

"మీరు తెల్లగా వేశారు గదండీ!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాళ్ళంతా పత్తి చేలో పెరిగిన పిల్లలు. నన్ను కష్టపెట్టకూడదని తమ కళ్ళతో చూసిందాన్ని పక్కన పెట్టారు. నోట్సులో రెండో ప్రశ్నకు వెళ్ళిపోతే సరిపోయేది. వెనక కలం చప్పుడు వినపడుతోంది. నాన్న దగ్గు గుర్తొచ్చింది. అయినా ఆ పూవు ఎలా ఉంటుందో చూడకుండా ఉండలేకపోయాను.

"నాకు తెలియదర్రా. చూపిస్తారా?"

కుడివైపు జవాబు రాసుకోకుండా నేనడిగిన మొదటి ప్రశ్న అది.

అందరం చేలోకి దిగాం. ఆ పిల్ల ఒక కొమ్మ వంచింది. లేత పసుపు పూవు, లోపల గుండె దగ్గర ముదురెరుపు మచ్చ. అదే కొమ్మకు ముడుచుకున్న ఎర్ర పూవు ఇంకోటి.

"ఇది ఇవ్వాల్టిది. అది నిన్నటిది. రేపటికి ఇదీ అట్టాగే అవుద్దండీ."

"ఎందుకలా?"

"ఎండకి కమిలిద్దండీ," అన్నాడొకడు.

"కాదెహె, సిగ్గుపడిద్ది!" అంది ఇంకొకత్తె. అందరూ ఘొల్లుమన్నారు.

ఆ పిల్ల నవ్వలేదు. కొమ్మను ఎండకు ఎదురుగా తిప్పింది. వెలుగు రేకుల్లోంచి దిగి ఆ మచ్చ మీద నిలిచింది. అల్లరంతా ఎటు పోయిందో, అందరూ ఆ కొమ్మ చుట్టూ మూగారు. మాస్టారు కూడా కళ్ళజోడు తీసి వంగి చూశారు. పుట్టినప్పటినుంచీ పత్తి మీదే పడుకున్నాను. అది మా ఇంటికి రాకముందు ఇంత అందంగా బతికిందని నాకెవరూ చెప్పలేదు, నేనెవర్నీ అడగలేదు.

తర్వాత చాలా ఏళ్ళకు విద్యా మనస్తత్వశాస్త్రం పుస్తకాల్లో సౌందర్యానుభూతి, తరగతి సంభాషణ అనే పెద్ద మాటలు చదివాను. చదివిన ప్రతిసారీ నాకు ఆ కొమ్మే కనిపించేది.

మాస్టారు నా నోట్సు తీసుకుని, చివర్లో ఏదో రాసి, మూసి నా చేతికిచ్చి వెళ్ళిపోయారు. తెరిచే ధైర్యం లేక అలాగే ఇంటికి తెచ్చాను. ఆ పిల్ల కోసిచ్చిన పసుపు పూవును గ్లాసు నీళ్ళలో పెట్టాను.

"ఇది దేని పూవే?" అన్నాడు నాన్న.

"పత్తిది."

"ఛ! పత్తి పూవు తెల్లగా ఉండదూ?"

చేలో ఆ పిల్ల చెప్పిందంతా చెప్పాను, రేపటికి ఎర్రబడుతుందంటే ఆయన నమ్మలేదు.

తెల్లవారి ఆయన కేకతోనే లేచాను. "అమ్మా, ఇట్టా రా! ఎర్రబడింది చూడు!" గ్లాసు ముందు చంటిపిల్లాడిలా కూర్చున్నాడు. ఆ ఊపులోనే నోట్సు చదవమన్నాడు. తెరిచి, మాస్టారు రాసింది చదివాను.

"ఈమెకు పూవు రంగు తెలియదు. తెలియదని ఒప్పుకుని పిల్లల్ని అడగడం తెలుసు. పాస్."

నాన్న గ్లాసులోని పూవును వేలితో మెల్లగా తిప్పాడు. "నువ్వు పాసయ్యావు, సరే. నలభై ఏళ్ళు దూదేకి, దాని పూవు మొహం చూడని నేనో?" అని నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక అడిగాడు. "మూడో రోజు ఏమవుద్దంట? ఆ పిల్లనడిగావా?"

"అడగలేదు నాన్నా."

ఆయన పనికని తీసిన విల్లును మళ్ళీ గోడకు ఆనించి చొక్కా తొడుక్కున్నాడు. "పద, అడిగొద్దాం."