సమ్మతి పత్రం అడిగిన మా సీనియర్

సత్తుపల్లి కోర్టులో సాక్షిని ప్రశ్నిస్తుండగా బార్ రూము గుమస్తా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "మేడమ్, కొత్తగూడెం నుంచి ఫోనొచ్చింది. మీ సీనియర్ సార్ పొద్దున చనిపోయిండంట" అన్నాడు. అడగాల్సిన ప్రశ్న నా చేతిలోని కాగితం మీదే ఉంది. అక్షరాలు కంటికి ఆనలేదు. జడ్జిగారు కేసు వాయిదా వేశారు. కోటు విప్పకుండానే బస్సెక్కాను. చండ్రుగొండ దాటేదాకా ఏడుపు రాలేదు.

పదకొండేళ్లు ఆయన దగ్గర జూనియర్‌ని. ఆఫీసంటే కొత్తగూడెంలో ఒక కిరాయి గది. అడవి పల్లెల నుంచి వచ్చేవాళ్లు కుర్చీల్లో కూర్చోవడానికి మొహమాటపడితే ఆయన కూడా కిందికి దిగి నేల మీద కూర్చునేవారు. పిటిషన్ రాశాక దాన్ని కోయ భాషలో వాళ్లకు చెప్పి, వాళ్లు తలూపితేనే సంతకం పెట్టేవారు. ఒకసారి నేను ఒక క్లయింటు గురించి 'నిరక్షరాస్యుడు' అని రాస్తే కళ్లజోడు తీసి నన్ను చూశారు. "చదువు రాదని రాసినవు. అడవిల దారులన్నీ తెలుసని ఎందుకు రాయలేదు బిడ్డా?"

నేను చేరిన రెండో ఏడు, ఎనభైల్లో, ఒకామె ఆఫీసుకు వచ్చింది. "మా ఆయనను జీపుల ఏసుకపోయిండ్రు సారూ. మన ఠాణోళ్లు కాదు. ఎక్కడోళ్లో తెలువదు" అంది.

అడవిలో తెగిపడి ఉన్న టెలిగ్రాఫ్ రాగి తీగను ఆమె భర్త తెచ్చుకుని, పందులు రాకుండా జొన్నచేను చుట్టూ కట్టుకున్నాడు. తీగ కేంద్ర ప్రభుత్వానిది. అందుకని కేంద్ర పోలీసులు వచ్చి అతన్ని పట్టుకుని, ఒక బంగళాలో రెండు రోజులుగా ఉంచారు. మా సీనియర్ ఆ మధ్యాహ్నమే మేజిస్ట్రేటు ముందు పిటిషన్ వేశారు. మనిషిని తీసుకురమ్మని ఆర్డరైంది.

మర్నాడు శనివారం. "వైరు కేంద్రానిది, కాబట్టి కేసు మాది" అన్నాడు అతన్ని కోర్టుకు తీసుకొచ్చిన కేంద్ర పోలీసు అధికారి.

"తీగ కేంద్రానిదే, కాదనను" అన్నారు మా సీనియర్. "కానీ రాజ్యాంగంలో పోలీసు అనే అంశం రాష్ట్రాల జాబితాలో ఉంది. మీరు ఈ రాష్ట్రంలో మనిషిని అరెస్టు చేయాలంటే రాష్ట్రం సమ్మతి ఉండాలి. ఆ పత్రం చూపించండి."

చూపించారు. ఆయన దాన్ని పైకి చదివారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మీద కేసులకు మాత్రమే సమ్మతి అని ఉంది. "ఈయన ఏ ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నారో కోర్టుకు చెప్పండి" అన్నారు. గోచీ పెట్టుకుని చేతులు కట్టుకు నిలబడిన ఆ మనిషిని చూసి వెనక ఎవరో నవ్వారు. మా సీనియర్ నవ్వలేదు. మేజిస్ట్రేటు అతన్ని విడిచిపెట్టమన్నారు.

మెట్లు దిగుతుంటే కింద స్థానిక ఎస్సై ఉన్నాడు. అదే తీగ, అదే కేసు అంటూ అతన్ని మళ్లీ అరెస్టు చేశాడు. ఈసారి అధికారం ఉన్నవాళ్లే. మా సీనియర్ కాగితాలు అడిగి చూశారు. తప్పు దొరకలేదు. ఆమె వైపు తిరిగి "రేపు జడ్జి ముందుకు తేవాల్సిందే చెల్లె. బెయిల్ అడుగుత. ఏడవకు" అన్నారు.

ఆదివారం పొద్దున నుంచి మేజిస్ట్రేటు ఇంటి గేటు దగ్గర ముగ్గురం నిలబడ్డాం. భర్త కోసం ఆమె అన్నం మూట కట్టుకొచ్చింది. ఇరవై నాలుగు గంటల గడువు దాటింది. తీసుకురాలేదు. స్టేషన్‌కి వెళితే దవాఖానాకు పొమ్మన్నారు. దవాఖానా వరండాలో, స్ట్రెచర్ మీద, అతని ముఖం మీదికి కూడా గుడ్డ కప్పి ఉంది. చావుకు కారణం కడుపునొప్పి అని రాశారు.

ఆమె మూట విప్పలేదు, కింద పెట్టలేదు. మా సీనియర్ గోడవారగా కూలబడిపోయారు. "నేనే వీళ్ల చేతుల పెట్టిన" అన్నారు.

"చట్టం ప్రకారమే చేశారు కదా సార్."

"అవ్ బిడ్డా. చట్టం ప్రకారమే పెట్టిన."

ఆ చావు మీద విచారణ జరపమని ఏళ్ల తరబడి పోరాడారు. అతని ఒంటి మీద దెబ్బలు చూశామని చెప్పేవాళ్లు ఒక్కరూ లేకపోయారు. ఫైలు మూసేశారు. ఆయన మళ్లీ తెరవమని రాశారు, మళ్లీ మూసేశారు. మరోవైపు, కేంద్ర పోలీసుల నుంచి అతన్ని విడిపించిన ఆనాటి ఆర్డరు కాపీ అడుగుతూ ఎక్కడెక్కడి వకీళ్లో వచ్చేవారు. కాపీ ఇచ్చేవారు గానీ, మెచ్చుకోబోతే లేచి వెళ్లిపోయేవారు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఆ వాదన చేసినందుకు బాధపడుతున్నారా అని.

"వాదన తప్పు కాదు. ఎవరంటే వాళ్లొచ్చి మనిషిని ఎత్తుకపోకుండ ఆ గీత ఉండాలె. గీతకు ఇవతల ఎవరున్నరో నేను చూడలే" అన్నారు. ఆ తర్వాత ఎవరు విడుదలైనా తనే వెంట వెళ్లి, ఇంటి దగ్గర దింపి వచ్చేవారు.

భద్రాచలం ఆయన సొంతూరు. గోదావరి ఒడ్డున చితి ఆరుతుండగా, ఆనాడు అన్నం మూట తెచ్చిన ఆమె కనిపించింది. జుట్టు నెరిసింది. నేను పలకరించకముందే నా చెయ్యి పట్టుకుంది.

"బస్సుల అనుకుంటుంటే విన్న అక్కా. ఏడాదికొకపాలి మా ఊరికొచ్చేటోడు. వాకిట్ల కూసుండి, నీళ్లు తాగి పోయేటోడు."

పదకొండేళ్లలో ఈ సంగతి ఒక్కనాడూ నాకు చెప్పలేదు.

"నీ తప్పేం లేదు సారూ అని ఈపాలి చెప్దామనుకున్న" అంది. "చెప్పనే లేదు."

పొద్దు వాలుతుండగా ఆమె బయల్దేరింది. బస్సు దాకా వస్తానంటే వద్దంది. వంతెన మీదుగా నడిచి వెళ్లింది. లారీ వచ్చినప్పుడల్లా రెయిలింగును ఆనుకుని నిలబడి, అది దాటాక మళ్లీ నడిచింది. ఆమె ఎర్ర చీర అవతలి ఒడ్డు చేరి, చెట్లలో కలిసిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను.