బావ మాట్లాడిన సినిమా

బావ పోయిన మూడోరోజు పిట్టకు పెట్టినప్పుడు కాకి ముట్టలేదు. పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీ ప్రహరీ పక్కనున్న శ్మశానంలో, బావకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకులు గోడ మీద కూర్చున్నాయి గానీ దిగలేదు. తీరని కోరిక ఏదైనా ఉందేమోనని పెద్దవాళ్ళు ఒక్కొక్కటే చెప్పి చూశారు. పిల్లను చదివిస్తామన్నారు, ఇల్లు పూర్తి చేస్తామన్నారు. ఎండ ముదిరాక విస్తరి ఆవుకు పెట్టి వచ్చేశాం.

ఆ ఫ్యాక్టరీ పొగలో కాకులకు కూర వాసన ఏం తెలుస్తుందిలే అనుకున్నాను నేను. అక్క అలా అనుకోలేదు.

"ఏదో చెప్పేదుండె తమ్మీ. చెప్పకుంట పోయిండు" అంది.

బావ ఆ ఫ్యాక్టరీలోనే, రసాయనాలు కలిపి మరిగించే రియాక్టర్ల దగ్గర పనిచేసేవాడు. దగ్గుతో మొదలై చివరికి గొంతే పోయింది. ఆఖరి నెలలన్నీ సైగలే. ఆ సైగల్లో సగం అక్కకు కూడా అర్థమయ్యేవి కావు.

ఏడాది తిరిగాక ఫోన్ వచ్చింది. నగరంలో అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరుగుతోందట. ఫ్యాక్టరీల నీళ్ళు కలిసి పాడైన మా చెరువు మీద ఒక విదేశీయుడు తీసిన సినిమా అందులో వేస్తున్నారట, బావ కూడా ఉన్నాడట. బండి పంపుతాం, రమ్మన్నారు. అప్పుడు గుర్తొచ్చింది. బావ బాగున్న రోజుల్లో కెమెరాతో కొందరు వచ్చారు. వాకిట్లో కుర్చీ వేసుకుని, పొద్దున మొదలుపెట్టి రెండో షిఫ్టు సైరన్ మోగేదాకా వాళ్ళతో మాట్లాడాడట. నేను ఆ రోజు తెల్లాపూర్‌లో పనిమీద ఉన్నాను, అక్క కలుపు తీయడానికి వెళ్ళింది. ఏం మాట్లాడినవ్ బావా అని తర్వాత అడిగితే, "సినిమాల సూద్దువు తియ్ బామ్మర్దీ. హీరోను నేనే" అని నవ్వాడు. మళ్ళీ ఎవరమూ అడగలేదు.

నాది కొలతల పని. బడి మధ్యలో మానేసినా మేస్త్రీల వెంట తిరిగి, గోడకు ఎంత ఇటుక పడుతుందో, శ్లాబుకు ఎంత కాంక్రీటు కావాలో సొంతంగా నేర్చుకున్నాను. అందుకే అక్క ఎక్కువ ఆశ పెట్టుకోకుండా ముందే లెక్క కట్టి చెప్పాను.

"అక్కా, సినిమా మొత్తం గంటన్నర. అండ్ల చెరువుండాలె, ఫ్యాక్టరీలుండాలె, డాక్టర్లు మాట్లాడాలె. బావ పాలికొచ్చేది జెరంతనే."

"జెరంతైనా సాలు. ఆయన ఏమన్నడో గదే నాకు గావాలె."

బావకు ఇష్టమైన జొన్నరొట్టె, బోటికూర డబ్బాలో పెట్టుకుని అక్క బయల్దేరింది. హాలు గుమ్మం దగ్గర సెక్యూరిటీ అమ్మాయి ఆపింది.

"ఆంటీ, బయట ఫుడ్ అలౌడ్ లేదు."

"నేను తిననీకె గాదు బిడ్డా, మా ఆయనకు."

"అంకుల్‌కి లోపల పాప్‌కార్న్ దొరుకుతది ఆంటీ."

అక్క డబ్బా బల్ల మీద పెట్టింది.

లోపల వరసగా దేశాల జెండాలు, నాకు చదవరాని లిపుల్లో పోస్టర్లు. సినిమాకు భాష అడ్డు కాదని ఒక పెద్దమనిషి వేదిక మీద చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాం. తర్వాత దీపాలు ఆర్పారు.

తెర మీద చెరువులో నురగ, చచ్చిన చేపలు, లారీలు. చాలాసేపటికి మా వాకిలి కనిపించింది. ప్లాస్టిక్ కుర్చీలో, నీలం యూనిఫారం చొక్కాలో బావ. ఒళ్ళు నిండుగా ఉన్నాడు. అక్క నా ముంజేయి పట్టుకుంది.

"నీళ్ళ సంగతి జెర పక్కకు వెట్టుండ్రి సారూ. నేను చెప్పేదేందంటే..."

అంతే. ఆ మాట మీద ఎవరిదో ఇంగ్లీషు గొంతు వచ్చి కూర్చుంది. బావ పెదాలు కదులుతున్నాయి, చేతులు తిప్పుతున్నాడు, మాట మాత్రం వినబడదు. ఈ నీళ్ళు పశువులు కూడా తాగవు అంటోంది ఆ గొంతు. అంతవరకు నాకు అర్థమైంది. వెంటనే మళ్ళీ నురగ.

అక్క లేచి నిలబడింది.

"ఓ బిడ్డా, జెర ఎన్కకు తిప్పుండ్రి!"

మా ఇళ్ళల్లో పెళ్ళి వీడియో అలాగే చూస్తాం. పోయినవాళ్ళు కనిపిస్తే ఎవరో ఒకరు తిప్పమంటారు. అక్కడే ఆపి, ఏడ్చేవాళ్ళు ఏడ్చాక ముందుకు పోనిస్తారు. అంతకుముందు అక్క ఇలాంటి హాలుకు రాలేదు. వెనక ఎవరో "ష్" అన్నారు, ఇంకెవరో నవ్వారు. నేను కొంగు పట్టి లాగితే కూర్చుంది. సినిమా ముందుకే పోయింది.

అయిపోయాక డైరెక్టరు వేదిక ఎక్కాడు. ప్రశ్నలు అడగమన్నారు. అక్క చెయ్యెత్తితే ఒక అమ్మాయి మైకు తెచ్చి ఇచ్చింది.

"సారూ, మా ఆయన పొద్దుగాలకెల్లి సైరన్ మోగేదాంక మీతోని మాట్లాడిండట. మిగిలింది ఏడున్నది? నాకు ఇనవెట్టుండ్రి."

ఆ అమ్మాయి ఉన్నదున్నట్టే ఇంగ్లీషులో చెప్పింది. ఆయన దిగివచ్చి అక్క ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. చెడ్డవాడేం కాదు. సినిమా పూర్తయ్యాక, వాడుకోని భాగాలన్నీ చెరిపేశారని ఆ అమ్మాయి తెలుగులో చెప్పింది. ఆయనకు తెలుగు రాదట, అప్పుడు వెంట వచ్చిన దుబాసీ, బావ నీళ్ళ గురించే చెబుతున్నాడని క్లుప్తంగా చెప్పాడట. అంతకుమించి గుర్తులేదన్నాడు. చుట్టూ ఫోన్లు ఫోటోలు తీస్తున్నాయి.

"మంచిది సారూ" అని అక్క దండం పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు డబ్బా తీసుకున్నాం. బండి రింగు రోడ్డు ఎక్కాక అక్క అడిగింది.

"గొంతైతే ఆయనదే గద తమ్మీ? దగ్గు రాకముందటి గొంతు."

"ఆయనదే అక్కా."

"నీళ్ళ సంగతి పక్కకు వెట్టుమన్నడు. గంతైతే ఇన్న."

ఫ్యాక్టరీ గోడ వచ్చింది. ఇంకా కొంచెం వెలుతురు ఉంది. గోడ మీద కాకులూ ఉన్నాయి. బండి ఆపమంటుందేమో అనుకున్నాను. అనలేదు. ఒళ్ళో డబ్బా మూత తీసి, రొట్టె తుంచి కూర పెట్టి నా చేతిలో పెట్టింది.

"తిను. ఇగ పిట్టకు పెట్టుడెందుకు."

కూర చల్లారి నూనె పేరుకుంది. ఇద్దరం తిన్నాం.