తాళం బాపు జేబులో

కంప్యూటర్‌కు పూలపూల గుడ్డ కప్పి, చుట్టాలు వస్తే తీసి చూపించి, మళ్ళీ భద్రంగా కప్పే రోజులవి. మా బొగ్గుబాయి కాలనీలో అది ఉన్న ఇళ్ళు రెండే. ఒకటి మాది, రెండోది వెనక వరుసలోని నా దోస్తుది (కాలనీ అంతా వాణ్ణి 'ఇంజినీర్' అనేది, ఇంటర్ ఇంకా గట్టెక్కలేదు). నేనేమో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్‌ను దేవుడి పటాల పక్కన వేలాడదీయించుకున్న ఘనుణ్ణి. అలాంటి నన్ను, కరీంనగర్‌లో ఎమ్మెస్సీ చదివే మా అక్క ఒక సెలవు రోజున వచ్చి నిలువునా అవమానించింది. తనకొకటి, నాకొకటి, బాపుకి అంటే మా నాన్నకి ఒకటి, చిన్న అకౌంట్లు తెరిచింది. వాటిలో ఇంటర్నెట్ చూడొచ్చు, టైపు చేసుకోవచ్చు, కొత్త ప్రోగ్రామ్ మాత్రం ఎక్కించలేం. అన్ని అధికారాలూ ఉన్న పెద్ద అకౌంట్ పాస్‌వర్డ్ బాపుకిచ్చింది. ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కునే బాపుకి!

"ఇంటర్నెట్ల దినాం తిరిగేటోళ్ళ దగ్గర తాళం ఉండొద్దు తమ్మీ. నా దగ్గర సుత ఉండొద్దు" అంది. నాలుగు నెలలుగా సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమె టైపు చేస్తున్న ప్రాజెక్టు రిపోర్టు ఈ కంప్యూటర్‌లోనే ఉంది, ఇంకో కాపీ లేదు. వచ్చే సోమవారం కాలేజీలో ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏడాది పోయినట్టే. నా ధ్యాసంతా ఇంటర్నెట్లో దొరికిన క్రికెట్ ఆట మీద. శుక్రవారం బాపు షిఫ్టు దిగి రాగానే చాయ్ నేనే అందించాను (ఆయనకు అనుమానం అప్పుడే వచ్చి ఉంటుంది).

"బాపూ, జర పాస్‌వర్డ్ కొట్టవా? క్రికెట్ ఆట ఫుకట్ల ఇస్తుండ్రు."

"ఎవరిస్తుండ్రు?"

"ఇంటర్నెట్ల."

"గది మనిషి పేరా, ఊరి పేరా?"

"నన్ను దొంగలెక్క చూస్తుండ్రు" అని అలిగాను. అప్పుడు గమనించాను, పేపర్ చదవడానికి బాపు తెరిచింది కూడా చిన్న అకౌంటే. పెద్దది ఉండగా ఇదెందుకని అడిగితే నవ్వాడు. ఆయన బాయిలో మందు పేల్చే షాట్‌ఫైరర్.

"పేల్చే మిషన్ తాళం నా జేబుల్నే ఉంటది బిడ్డా. మా పెద్దసారు ఓవర్‌మెన్ అడిగినా ఇయ్య. పేల్చేటప్పుడే పెడ్త, పేల్చినంక తీస్త. నాకు పని రాకనా? ఎంత పనిమంతుడైనా చేతిల ఉంటే చెయ్యి ఊకోదు."

మూడు నెలల కోర్సులో నాకెవరూ చెప్పని పాఠం, చెప్పినా నేను వినని పాఠం, బాపు ఒక చాయ్ తాగేలోపు చెప్పేశాడు. నేను మాత్రం మూతి ముడుచుకుని ఇంజినీర్ ఇంటికి పోయాను. వాడు తన కంప్యూటర్‌కు తానే సర్వాధికారి. అడగ్గానే ఆట ఎక్కించాడు, ఇద్దరం ఎడాపెడా సిక్సర్లు కొట్టాం. మర్నాడు సాయంత్రం వాడు ఏడుపు మొహంతో మా గడపలో నిలబడ్డాడు. "ఆ ఆటతోని వైరస్ వచ్చి కంప్యూటర్ మొత్తం ఖరాబైందిరా. అన్న పెండ్లి ఫోటోలు ఒక్కటి రాలే. ఆయన దుబాయ్ నుంచి ఫోన్ చేస్తే ఏం చెప్పాలె?" అక్క నాలుగు నెలల కష్టమే కళ్ళ ముందు మెదిలింది. బాపు మాత్రం 'చెప్పలేదా' అని కూడా అనలేదు. "ఫికర్ చెయ్యకు, కూసో" అని వాడికి చాయ్ పోయించాడు. అంత పెద్ద మనసు నాకు ఈ వయసుకు కూడా రాలేదు.

రిపోర్టు అనుకున్న రోజుకే బైండై పోయింది. మొదటి పేజీలో అక్క కృతజ్ఞతలు రాసుకుంది. మాస్టారికి, బాపుకి, అవ్వకి (అంటే మా అమ్మకి), అన్నిటికన్నా కింద: 'కంప్యూటర్‌ను పాడుచేయనందుకు మా తమ్ముడికి.' అది పట్టుకుని కాలనీ అంతా చూపించి వచ్చాను. నా గురించి అచ్చులో ఎవరైనా మంచిమాట రాసింది ఇప్పటికీ ఆ ఒక్కసారే. అదీ, పాడుచేయడానికి నా శాయశక్తులా ప్రయత్నించాక.