క్రిములను నిలదీసిన ఫుయావ

ఫుయావ క్రిములతో మాట్లాడతాడు. అదీ మనం దోమను తిట్టుకున్నట్టు కాదు. నిండు సభలో ఎదుటి ఊరివాళ్ళను పలకరించినట్టు, వంశం, బిరుదులతో సహా. సవాయీ దీవి ఆసుపత్రిలో రోగులకు కొత్త జబ్బులు అంటకుండా చూడడం ఆయన ఉద్యోగం. ఊళ్ళో ఆయన సభాపెద్ద. పెళ్ళయినా తగవయినా ఊరి తరఫున నోరు విప్పాల్సింది ఆయనే. ఈ రెండు పనులనూ విడదీసి చూడడం ఆయనకు ఎన్నడూ చేతకాలేదు.

సభలో మాట్లాడే పెద్ద చేతిలో కర్ర ఉండాలి, భుజాన పీచు కుచ్చు ఉండాలి. అలాంటివి వార్డులోకి తేకూడదని రూలు పెట్టింది ఆయనే. అందుకని తుడుపుకర్ర ఊతంగా పట్టుకుని, చేతులు తుడుచుకునే కాగితం భుజాన వేసుకునేవాడు.

"తలుపు పిడి మీద కొలువుదీరిన మహానుభావులారా! మురికికాలువ వంశోద్ధారకులారా!" అని అందుకున్నాడంటే చుట్టుపక్కలవాళ్ళంతా పరుగెత్తి చేతులు కడుక్కునేవారు. భయంతో కాదు, భక్తితో కాదు. కడుక్కుంటే ఆపేస్తాడని.

సర్జరీ వార్డు నర్సు లూపేకు ఆయన పెద్ద తలనొప్పి. ఒకరోజు ఆకలితో నకనకలాడుతూ టారో దుంప ముక్క నోటిదాకా తెచ్చుకుందో లేదో, ఆయన ఎదురుగా ప్రత్యక్షం.

"ఆగమ్మా లూపే. నీ బొటనవేలి మీద చుట్టాలు దిగారు."

"కడుక్కున్నాను పెద్దయ్యా!"

"నిన్ను కాదమ్మా, వాళ్ళను అంటున్నాను. ఏమయ్యా, పిలవని విందుకు పెళ్ళాంపిల్లలతో సహా ఊడిపడ్డారే, సిగ్గులేదూ?"

లూపే విసవిసా వెళ్ళి మళ్ళీ కడుక్కుని వచ్చింది. దుంప చల్లారిపోయింది. ఆయనింకా ఆ చుట్టాల ముత్తాతల దగ్గరే ఉన్నాడు.

మరోసారి డాక్టర్ ఇయోసెఫో మెడలోని స్టెతస్కోపును చూసి, "అయ్యగారూ, తమరు ఎవరి గుండెల మీంచి వేంచేస్తున్నారు?" అని వినయంగా అడిగాడు. డాక్టరు తననే అనుకుని, "ఏడో మంచం" అని చెప్పేశాడు. ఆ మాట ఊరంతా పాకిపోయి, డాక్టరు భార్య మొగుడితో కొన్నాళ్ళు మాట్లాడలేదు.

ఇలా ఉండగా పేపే అనే ముసలామెకు తుంటి ఆపరేషన్ గాయం చీముపట్టింది. పరీక్ష చేయిస్తే, పక్కమంచం ఆవిడ గాయంలో ఉన్న క్రిమే ఈవిడ గాయంలోనూ తేలింది. అంటే ఎవరివో చేతులు మోసుకొచ్చాయి. ఎవరివో లూపేకు తెలుసు. ఆమధ్య హడావిడిలో ఒకరి కట్టు మార్చిన గ్లౌజులతోనే రెండో కట్టు విప్పింది తనే.

మీటింగులో డాక్టరు బల్ల గుద్దాడు. "ఎవరు చేశారో ఇవాళ తేలాల్సిందే!"

ఫుయావ తుడుపుకర్ర ఊని లేచాడు. ఇక ఇంటికి వెళ్ళినట్టే అనుకుని అందరూ కుర్చీల్లో జారగిలబడ్డారు.

"నేరస్థుడు ఎవరో తెలుసు. ల్యాబులో గాజుపలక మీద దొరికాడు," అంటూ ఆయన గాలిలోకి వేలు చూపించాడు. "ఓ క్రిమిరాజా! మా చేతులను పడవలు చేసుకున్నావు. మేం పడవలను తగలబెట్టుకుంటే నీకేం నష్టం, ఇంకో పడవ ఎక్కుతావు. కాబట్టి చెప్పు, ఏ రేవులో ఎక్కావు?"

క్రిమి చెప్పలేదు. ఆయన దాని మేనమామలను పిలిచాడు. వాళ్ళూ చెప్పలేదు. భోజనాల వేళ దాటిపోయింది. డాక్టరు కడుపు అందరికీ వినపడేలా మూలిగింది.

"నా స్టెతస్కోపు ఒక రేవేమో. రోజూ తుడవడం లేదు," అన్నాడు డాక్టరు చివరికి.

"నేను బకెట్లో నీళ్ళు మార్చకుండానే నేల తుడిచేస్తున్నా," అంది ఆయా.

"నా గ్లౌజులు," అంది లూపే. "మార్చకుండా... పేపేగారి కట్టు..."

"విన్నావా క్రిమీ? నీ రేవులన్నీ మూసేస్తున్నాం!" అన్నాడు ఫుయావ గాలితోనే. లూపే వైపు చూడనైనా లేదు.

అప్పుడు తట్టింది లూపేకు. ఇన్నేళ్ళలో ఈయన ఒక్క మనిషిని తిట్టగా తను వినలేదు.

మందులు పనిచేసి పేపే గాయం మానుముఖం పట్టింది. కానీ ఆమెకు నిజం చెప్పాలి. ఆమె కొడుకులు కొండల్లా మంచం చుట్టూ నిలబడి ఉన్నారు. ఆ దీవి ఆచారం ప్రకారం తప్పు చేసినవాళ్ళు మేలిరకం చాప కప్పుకుని బాధితుల ముందు తలవంచి కూర్చోవాలి. వాళ్ళొచ్చి చాప తీస్తే క్షమించినట్టు. వార్డులోకి చాప రాకూడదు గనక ఫుయావ అప్పుడే ఉతికిన దుప్పటి తెచ్చాడు.

"మా చేతుల వల్లే నీ గాయం చెడిందమ్మా," అన్నాడు. అంతే. మంచం ముందు నేలమీద కూర్చుని దుప్పటి నెత్తిన కప్పుకున్నాడు.

లూపే దుప్పటి అంచెత్తి లోపలికి దూరింది.

"నువ్వెందుకమ్మా?" అని గొణిగాడు ఫుయావ.

"జరగండి పెద్దయ్యా, నా కాలు బయటే ఉంది."

అవతలి పక్కనుంచి ఇంకెవరో దూరారు. లూపేకు ముందు బూట్లు కనబడ్డాయి, తర్వాత డాక్టరు.

"డాక్టరుగారూ, ఆ బూట్ల అడుగున..."

"పెద్దాయనా, దణ్ణం పెడతాను. ఇప్పుడొద్దు."

ఫుయావ నోరు మూసుకున్నాడు. పైన ఎవరూ కదల్లేదు. దుప్పటి కింద ముగ్గురికీ చెమటలు పట్టాయి.

"తీసేయమంటావా అమ్మా?" అని అడిగాడు పెద్ద కొడుకు.

"ఎప్పుడో క్షమించేశాను గానీ, ఆగరా," అంది పేపే. "ఫుయావ మాట్లాడకుండా కూర్చోవడం నా జన్మలో చూడలేదు. ఇంకాసేపు చూడనీ."