ఏ రెక్క కింద

మా అన్నకు ఒక్క మాట మిగిలింది. పక్షవాతం వచ్చి కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయిన రోజునే మాటలు కూడా పోయాయి. తెలుగు, హిందీ, గుజరాతీ, ఉద్యోగంలో నేర్చుకున్న ఇంగ్లీషు, అన్నీ పోయి "బరాబర్" ఒక్కటి నిలిచింది. సూరత్‌లో పెరిగినవాడికి ఇంతకంటే పనికొచ్చే మాట మిగలదేమో. కూరగాయల బండి దగ్గర తూకం సరిపోతే బరాబర్, మగ్గం మీద బట్ట సాఫుగా దిగితే బరాబర్, ఒంట్లో ఎలా ఉందంటే బరాబర్. తెలుగువాళ్లకూ అర్థమవుతుంది, గుజరాతీలకూ అర్థమవుతుంది. కాకపోతే అన్న అన్నింటికీ అదే అంటాడు. ఆకలేసినా బరాబర్, కడుపు నిండినా బరాబర్, పక్క తడిసినా బరాబర్.

మొదట్లో చుట్టాలు చూడ్డానికి వచ్చి "ఎట్లున్నవ్ రా?" అని అడిగేవాళ్లు. "బరాబర్" అనేవాడు. "ఇంకేంది, మంచిగనే మాట్లాడుతుండు గద" అని చాయ్ తాగి లేచిపోయేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

మా నాన్నను మేం బాపు అనేవాళ్లం. కరీంనగర్ దిక్కు నుంచి సూరత్ వచ్చి పవర్‌లూమ్ మగ్గాలు నడిపాడు. డిండోలిలో మేముంటున్న ఇల్లు ఆయన కట్టిందే, ఆయన ఇప్పుడు లేడు. అన్న మాత్రం పన్నెండో తరగతి కాగానే మగ్గాలకు ఓ దండం పెట్టి వైమానిక దళంలో చేరాడు. పైలట్‌గా కాదు. విమానం ఒంటికుండే రేకులు, మరలు, తలుపులు చూసుకునే ఫిట్టర్‌గా. ఉద్యోగమంతా ఎక్కువగా ఒకే రకం విమానం మీద గడిచింది. రెండు పంకాలతో, రెక్కలు వీపు మీద ఉండే పాత రవాణా విమానం. దాని అసలు పేరు మా ఇంట్లో ఎవరూ పలకలేదు. అన్న "మా బండి" అనేవాడు, మేమూ అదే అనేవాళ్లం. రిటైరై వచ్చి ఇక్కడ ఒక బట్టల మార్కెట్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా కుదురుకున్నాడు. కుదురుకున్నాడు అనుకునేలోపే మంచం పట్టాడు.

ఇప్పుడు వదిన చీరలకు లేసు కుట్టే కార్ఖానాకు పొద్దున్నే వెళ్తుంది. నేను ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని ఎంబ్రాయిడరీ డిజైన్లు చేస్తాను. పగలంతా అన్నను చూసుకునేది అమ్మా నేనూ. మాటలు నేర్పడానికి కొన్నాళ్లు ఒక అమ్మాయి వచ్చేది. వచ్చే మాటలు మొదటి ఏడాదిలోనే ఎక్కువగా వస్తాయని, ఆయనకు బాగా తెలిసిన వస్తువులు చూపిస్తూ ఉండమని చెప్పింది. అమ్మ పెళ్లి ఫొటోలు చూపించింది. బాపు వాడిన మగ్గం నాడె, పోగును అటూ ఇటూ మోసే ఆ కొయ్య, చేతిలో పెట్టింది. బరాబర్, బరాబర్. ఏడాది సగం దాటిపోతోంది. అప్పుడు నాకు బండి గుర్తొచ్చింది. అన్నకు తన పెళ్లికంటే బండే బాగా తెలుసు.

అచ్చం బండి లాంటి బొమ్మ చేసి అన్న ముందు పెడితే లోపల ఏదో కదులుతుందని, ఇంకో మాట బయటికి వస్తుందని అనుకున్నాను. ఇంత తెలివితక్కువ ఆలోచన మీద అన్ని నెలలు ఎలా పనిచేశానని ఇప్పుడు అడిగితే, చెయ్యడానికి ఇంకేం ఉంది అంటాను.

కిట్ తెప్పించాను. అసలు విమానంలో డెబ్బైరెండో వంతు, ప్లాస్టిక్ ముక్కలు విరిచి అతికించుకునేది. డబ్బా మీది బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. లోపల మాత్రం అసలుకూ నకలుకూ పొంతన లేదు. ముక్కు మొద్దుగా ఉంది. చక్రాలు మడుచుకునే చోటు ఉత్త గుంట. రేకుల మధ్య గీతలు నాగలి చాళ్లంత లోతుగా ఉన్నాయి. తోక చివర గుండ్రంగా ఉండాల్సింది, కోసినట్టు ఉంది. అమ్మ చూసి, "గింత మనిషివి, పిల్లల బొమ్మతోని ఆడుకుంటున్నవా?" అంది. ఎవరి కోసమో చెప్పాను. జర వెలుతురుగా ఉండే చోట కూర్చోమని టేబుల్ కిటికీ దగ్గరికి జరిపింది.

ఒక్క కుట్టు పక్కకు జరిగినా మొత్తం డిజైన్ చెరిపేసే చాదస్తం నాది. ఆ చాదస్తమంతా బండి మీద చూపించాను. నెట్‌లో దొరికిన ఫొటోలన్నీ పెద్దవి చేసి కొలుచుకున్నాను. ముక్కును ఉప్పుకాగితంతో అరగదీశాను. గీతలన్నీ పుట్టీతో పూడ్చి, సూదితో మళ్లీ సన్నగా గీశాను. తోక చివర కోసేసి, మిఠాయి డబ్బా ప్లాస్టిక్‌తో కొత్తది చేశాను. వీపు మీది ఏంటెన్నా తీగకు మా వీధిలోని మగ్గాల షెడ్డు నుంచి పాలిస్టర్ నూలు తెచ్చి, అందులో ఒక్క పోగు లాగి కట్టాను. ఒక్కో ముక్క పూర్తవగానే అన్నకు చూపించేవాణ్ణి. ఎడమ చేత్తో పట్టుకుని తిప్పి చూసేవాడు. బరాబర్. ఆ మాట వినగానే కడుపు నిండినట్టుండేది. మోసం చేసుకోవడానికి మనిషికి ఒక్క మాట చాలు.

ఒకరోజు అనుమానమొచ్చి, చక్రాలు కింద పెట్టాల్సింది పైన పెట్టి చూపించాను. తిప్పి చూశాడు. "బరాబర్" అన్నాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

అయినా పని ఆపలేదు, ఎందుకంటే అసలు సంగతి మిగిలే ఉంది. సెలవుల మీద ఇంటికొచ్చినప్పుడల్లా అన్న చెప్పే కథ ఒకటుంది. ఎక్కడో మారుమూల రన్‌వే మీద బండి రెక్క కింద రేకు పలక ఒకటి చీలిపోయింది. కొత్తది వచ్చేసరికి ఆలస్యమవుతుందని, మూలపడి ఉన్న ఇంకో విమానం పలక ఊడదీసి, అన్న తన చేత్తో బిగించాడు. బండంతా బూడిద రంగు, ఆ పలక ఒక్కటి ఆకుపచ్చ. "రంగు తర్వాత, ముందు ఎగరనీ" అన్నాడట పై అధికారి. ఆ రంగు ఎప్పటికీ పడలేదు. "ఆకాశంల ఎన్ని పోనీ, కింద నిలబడి నా బండిని పోల్చుకుంట" అనేవాడు అన్న. బొమ్మ పూర్తయ్యాక అన్న మంచం పైన వేలాడదీయాలనుకున్నాను. వెల్లకిలా పడుకున్న మనిషికి కనిపించేది విమానం పొట్టా రెక్కల అడుగూ మాత్రమే. అంటే ఆ ఆకుపచ్చ పలకే. అది సరిగ్గా లేకపోతే మిగతాదంతా ఎంత సరిగ్గా ఉన్నా అన్నకు అది ఎవరి విమానమో.

ఆ పలక ఉన్న ఫొటో ఎక్కడా దొరకలేదు. దొరకదు కూడా. అది ఏ రెక్క కింద ఉందో తెలిసినవాడు అన్న ఒక్కడే.

కథ చెప్పేటప్పుడు అన్న గది మధ్యలో రెండు చేతులూ రెక్కల్లా చాచి, ఒక చేతి అడుగున చటుక్కున కొట్టుకుని "గిక్కడ" అనేవాడు. నేను ఎదురుగా కూర్చునేవాణ్ణి. నాకు ఎడమ అనే గుర్తు. అన్న ఎడమా, నా ఎడమా? అమ్మను అడిగాను.

"కుడి చెయ్యే. నాకు మంచిగ యాదికున్నది" అంది అమ్మ.

"కుడి చెయ్యి కొట్టిందా, దెబ్బ తిన్నదా?"

అమ్మ చేతులు చాచి చూసుకుంది. ఒకసారి అటు కొట్టుకుంది, ఒకసారి ఇటు కొట్టుకుంది. "గది నాకెట్ల ఎర్కరా!" అని వంటింట్లోకి పోయింది.

ఒక ఆదివారం ఆటో మాట్లాడుకుని అన్నను డుమస్ సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాం. ఆ దారిలోనే ఎయిర్‌పోర్టు, విమానాలు తల మీది నుంచి దిగుతాయి. మంచి రోజుల్లో అన్నే మమ్మల్ని తీసుకొచ్చి టమాటా భజియా తినిపిస్తూ విమానాల ఒడ్డూ పొడుగూ చెప్పేవాడు. ఇప్పుడు భజియా నేను తుంచి నోట్లో పెట్టాను. విమానం ఒకటి దిగుతుంటే చెవిలో అడిగాను. "అన్నా, నీ పలక ఏ రెక్క కింద ఉండె? చెయ్యితోని చూపెట్టు." ఎడమ చెయ్యి లేచింది. ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం అర్థమైంది, అన్నకు లేచేది ఆ చెయ్యి ఒక్కటే. కుడి అని చెప్పాలన్నా అదే లేవాలి.

చివరికి నా జ్ఞాపకాన్నే నమ్మి పలకను ఎడమ రెక్క కింద పెట్టాను. మరలు కూడా సూదిమొనతో ఒక్కొక్కటే పొడిచాను. రంగులేసి, కిట్‌తో వచ్చిన వైమానిక దళం గుర్తులను నీళ్లలో నానబెట్టి అతికించి, అన్న ఎడమ చేతికి అందేలా మంచం పక్కన అరలో పెట్టాను. రంగు గట్టిపడ్డాక వేలాడదీద్దామని.

మా ఇంట్లో ఒక అలవాటుంది. బట్టలో పోగు తెగి లోపం పడితే, దానికి ఎదురుగా బట్ట అంచుకు బాపు దారం ముక్క కట్టేవాడు, తనిఖీ చేసేవాళ్లు అక్కడ ఆగి చూడాలని. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చింది. షాక్ కొట్టే స్విచ్చుకు దారం, కారే బకెట్ చెవికి దారం. ఒకసారి నా ప్రోగ్రెస్ కార్డుకు కూడా కట్టాడు. మా ఇంట్లో దేనికైనా దారం కనిపిస్తే అక్కడ తప్పుందని అర్థం. తెగిన పోగును ఒంటిచేత్తో ముడెయ్యడం బాపు మాకిద్దరికీ నేర్పాడు. నాకు రాలేదు, అన్నకు వచ్చింది.

ఆ రోజు పొద్దున చాయ్ పట్టుకుని వెళ్లేసరికి బండి ఎడమ రెక్కకు దారం కట్టి ఉంది. ముడి వదులుగా, వంకరగా ఉంది, ఒంటిచేత్తో వేసినట్టే ఉంది. గ్లాసు ఎక్కడ పెట్టానో కూడా తెలియలేదు.

"నువ్వే కట్టినవా అన్నా?"

"బరాబర్."

"తప్పా? ఈ రెక్క కాదా?"

"బరాబర్."

"కుడిదా?"

"బరాబర్."

అన్ని నెలల్లో మొదటిసారి ప్రతి ప్రశ్నకూ జవాబు అతికినట్టు సరిపోయింది. అన్న కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. అన్న లోపల ఉన్నాడు, చూస్తున్నాడు, తప్పు పడుతున్నాడు. అంతకంటే నాకేం కావాలి? డిజైన్ పని పక్కన పడేసి బ్లేడు తీసుకున్నాను. పలక అంత సులువుగా రాలేదు, వస్తూ వస్తూ రెక్క పైపొరను కూడా తీసుకొచ్చింది. గుంట పడింది. పుట్టీ పెట్టి అరగదీశాను. సూదితో గీసిన గీతలన్నీ ఆ మేర చెరిగిపోయాయి. పోతే పోయాయి అనుకున్నాను. సాయంత్రానికి పలక కుడి రెక్క కిందికి చేరింది.

అమ్మ గుడి నుంచి వచ్చి అర దగ్గర నిలబడింది. "నేన్ గట్టిన దారమేది రా?"

"ఏ దారం?" అన్నాను.

"పక్కింటి గుజరాతీ బెన్ నిన్న వచ్చి బహు సరస్, బహు సరస్ అని ఒక్కతీరుగ మెచ్చుకున్నది. నరుని కంటికి నల్లరాయి పలుగుతదంటరు. నువ్వు గంత కష్టపడి చేస్తివి, దిష్టి తాకొద్దని కట్టిన. నా కండ్లకు ముడి సక్కగ పడలే."

"ఎడమ రెక్కకే ఎందుకు కట్టినవ్?"

"చెయ్యి అందిన కాడ కట్టిన. ఏమైందిరా ఇప్పుడు?"

దిష్టికి నల్లదారం కడతారని నాకు తెలియదా? అన్న నడుముకు మొలతాడుంది, మా గుమ్మానికి నిమ్మకాయలున్నాయి. ఆ దారం నల్లగానే ఉంది, నేనే చూడలేదు. అమ్మ మీద గట్టిగా అరిచాను. తను చేసిన తప్పేమిటో ఆమెకు అర్థం కాలేదు, నాకూ చెప్పడం చేతకాలేదు. అన్న ఇద్దరి వైపూ చూసి "బరాబర్" అన్నాడు.

పలకను తిరిగి ఎడమకు మార్చలేదు. ఏ సాక్ష్యం చూసి మార్చాలి? ఎడమ రెక్క కింద మచ్చ, కుడి రెక్క కింద పలక, బండి అలాగే ఉంది. మాటలు నేర్పే అమ్మాయి ఆ నెలాఖరున, "అబ్ ఘర్ పే హీ కరాతే రహియే" అని, ఇక ఇంట్లో మీరే చేయిస్తూ ఉండండని చెప్పి వెళ్లింది. అంత మర్యాదగా చెబితే అర్థం చేసుకోకుండా ఉండలేం. ఏడాది కూడా దాటిపోయింది.

బండిని అన్న మంచం పైన వేలాడదీశాను. పడేయడానికి చేతులు రాలేదు, అంతే. అమ్మ మళ్లీ ఒక నల్లదారం కట్టింది, ఈసారి తోకకు, నన్ను అడిగి. ఫ్యాన్ గాలికి విమానం మెల్లగా తిరుగుతూ ఉంటుంది. ముక్కు కిటికీ వైపు ఉన్నప్పుడు ఆ ఆకుపచ్చ పలక అన్నకు ఒక పక్కన కనిపిస్తుంది, తలుపు వైపు తిరిగినప్పుడు రెండో పక్కన. అన్న దాన్నే చూస్తూ పడుకుంటాడు.

అప్పుడప్పుడు ఎవరూ ఏమీ అడగకుండానే గదిలోంచి "బరాబర్" అని వినిపిస్తుంది. కొన్నాళ్లు చేతిలో పని వదిలేసి పరుగెత్తేవాణ్ణి, ఆ క్షణాన పలక ఎటు ఉందో చూద్దామని. నేను వెళ్లేలోపు విమానం తిరిగిపోయేది. ఇప్పుడు వెళ్లడం లేదు. కంప్యూటర్ మీది నుంచి తల ఎత్తకుండానే "అవునన్నా, బరాబర్" అంటాను.